రోడ్డు మీద ఆపి ‘వాట్సాప్ తెరువు’ అంటే తెరవాల్సిందేనా?

మణికొండ మావయ్య:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న రాత్రి స్నేహితుడి బండి మీద హాస్టల్‌కు వస్తుంటే పోలీసు తనిఖీలో ఆపారట. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు అన్నీ చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్ లాక్ తీసి ఇమ్మన్నారు. వాట్సాప్ సెర్చ్‌లో ఏదో కొట్టారు, గ్యాలరీ కాసేపు పైకీ కిందికీ జరిపి చూశారు, ఏమీ దొరక్క తిరిగి ఇచ్చేశారు. పోతూ పోతూ నిలబెట్టి ముఖం ఫొటో కూడా తీసుకున్నారు.

వీడు నోరెత్తలేదు. నాకే అప్పటి నుంచీ టెన్షన్. మా చెల్లి మాత్రం “తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నయ్యా” అంటోంది. ఏ ఏరియా, ఏ స్టేషన్ అనేది రాయను, గొడవ దాని గురించి కాదు. ఇలా అడిగే హక్కు వాళ్ళకుందా? వద్దంటే ఏమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక శ్రీను:
చూపిస్తే ఏం అరిగిపోతుంది సార్? మీరు హైదరాబాద్‌లో కూర్చుని హక్కులంటారు. మా వైపు వచ్చి చూడండి. ఏజెన్సీలో పండే గంజాయి ఏ రూట్లో ఎక్కడికి పోతుందో ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రా పోలీసులు పట్టుకున్న సరుకంతా కుప్ప పోసి తగలబెట్టారు, రెండు లక్షల కిలోల పైమాటే. అంత సరుకు చేతులు మారేది ఫోన్ల మీదే కదా. మా వీధిలో ఒక కుర్రాడు చదువు మానేసి, అమ్మ మెడలో గొలుసు అమ్మేసి, ఇప్పుడు డీ ఎడిక్షన్ సెంటర్లో ఉన్నాడు. రెండు నిమిషాలు ఫోన్ చూస్తే ఇలాంటివాడు ఒక్కడు దొరికినా చాలు.

కరీంనగర్ తమ్ముడు:
శ్రీనన్నా, గంజాయి పట్టుకోవద్దని ఎవరన్నారు? 2021 అక్టోబర్‌లో పాతబస్తీ వైపు ఇదే పని చేస్తున్న వీడియోలు బయటకొచ్చినయ్. బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, చాట్‌లలో ‘గంజా’ అని వెతుకుడు. దేశమంతా చూసింది. ఒక్కటి చెప్పన్నా, గంజాయి కంటే ఖరీదైన మాల్ దొరికేది పబ్బుల దగ్గర. అక్కడ పార్కింగ్‌లోంచి వచ్చే పెద్ద కారును ఆపి “సార్, వాట్సాప్ తెరువుండ్రి” అని అడిగిన వీడియో నువ్వెప్పుడన్న చూసినవా? నేనైతే చూడలే. ధూల్‌పేట, మంగళ్‌హాట్ గల్లీల్లో స్కూటీ మీద పోయేటోడే దొరుకుతడు.

పాత ఖాకీ:
నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. రెండు వైపులా కాస్త చెప్తాను, తిట్టుకోకండి.

రాత్రి నాకాబందీకి పంపేటప్పుడు పైనుంచి వచ్చే మాట “అనుమానం ఉన్నవాళ్ళను చూడండి” అని. అనుమానం ఎవరి మీద అనేది రోడ్డు మీద నిలబడ్డ కుర్ర కానిస్టేబుల్‌కే వదిలేస్తారు. వాడికీ నిద్ర లేదు, తిండి లేదు. రాత్రి ఎంతమందిని చూశారో పొద్దున లెక్క చెప్పాలి. పొడుగు జుట్టు, చెవి పోగు, చిరిగిన జీన్స్, నంబర్ ప్లేట్ వంకరగా ఉన్న బండి... ఇంతే వాడి దగ్గరున్న సైన్సు.

అయితే డిపార్ట్‌మెంట్ మనిషిగానే ఇంకో మాట. ఇలా ఫోన్ చూడటం పనికిమాలిన దర్యాప్తు. నిజంగానే ఏదైనా దొరికిందనుకోండి. సాక్షులుగా పంచులు లేరు, వాళ్ళ ముందు రాసిన పంచనామా లేదు, ఎందుకు అనుమానపడ్డామో రాసిన కాగితం లేదు. కోర్టులో డిఫెన్స్ లాయరు అరగంటలో చింపి చేతిలో పెడతాడు. మా పాత ఇన్‌స్పెక్టర్ ఒకాయన “రాయలేని పని చేయకండ్రా” అనేవాడు. ఆయన మంచివాడేం కాదు, కానీ ఆయన పెట్టిన కేసులు నిలబడేవి.

శ్రీను గారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ సరుకు పట్టుబడింది ఎక్కువగా సమాచారం మీద, లారీల్లో, రైళ్లలో. హాస్టల్ కుర్రాళ్ళ గ్యాలరీల్లో కాదు.

బెజవాడ లాయర్:
మావయ్య గారి ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

బండి కాగితాలు అడిగే అధికారం పోలీసులకు పూర్తిగా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988 అందుకే ఉంది. డిజీలాకర్‌లో ఉన్నవి చూపించినా చెల్లుతాయి. కాగితాలు చూడటం వేరు, ఫోన్‌లోకి దిగడం వేరు. డిజీలాకర్ చూపించేటప్పుడు కూడా ఫోన్ మీ చేతిలోనే ఉంచుకుని చూపించండి.

ఇక ఫోన్ సంగతి. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దర్యాప్తుకు అవసరమైన ఫోన్ లాంటివి తెచ్చి ఇమ్మని స్టేషన్ అధికారి అడగవచ్చు, అది 94వ సెక్షన్. కానీ రాతపూర్వకంగా అడగాలి. దర్యాప్తు అంటే ఒక కేసు ఉండాలి. వారంట్ తెచ్చుకునే టైం లేక అధికారి తానే సోదా చేయాలంటే కారణాలు ముందుగా రాసుకోవాలి, అది 185. పైగా ఇప్పుడు సోదాను, జప్తును ఆడియో వీడియో తీయాలని 105 చెప్తోంది. గంజాయి కేసులకు ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం ఉంది. బహిరంగ ప్రదేశంలో సోదాకు అందులో విశాలమైన అధికారాలే ఉన్నాయి, కాదనను. అక్కడ కూడా ‘నమ్మడానికి కారణం’ ఉండాలి. మనిషి ఒంటి మీద వెతికేటప్పుడు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు సోదా కోరే హక్కు 50వ సెక్షన్ ఇస్తోంది. దారిన పోయే ప్రతివాడి చాట్‌లూ తెరిచి చూడొచ్చని ఏ చట్టంలోనూ లేదు.

ఇవన్నీ ఎక్కడ నిలబడ్డాయంటే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇచ్చిన పుట్టస్వామి తీర్పు మీద. గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చేసే పని ఆ అవసరానికి మించకూడదు. పక్కదారే గానీ చెప్తాను, ఆ పిటిషన్ వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కమిషన్‌కు అధ్యక్షుడిగా కూడా చేశారు. 2012లో 86 ఏళ్ల వయసులో కోర్టు మెట్లెక్కారు. మనవాళ్ళు అరవై దాటగానే “నాకెందుకులే” అంటారు.

పాస్‌వర్డ్ చెప్పమని కోర్టు ఆదేశించవచ్చా అనే దాని మీద మాత్రం తీర్పులు రకరకాలుగా ఉన్నాయి. 2021లో కర్ణాటక హైకోర్టు ఒకలా చెప్పింది, 2022లో ఢిల్లీ సీబీఐ ప్రత్యేక కోర్టు దానికి భిన్నంగా చెప్పింది. అది కేసు నడుస్తున్నవాళ్ళ సంగతి, మీ మేనల్లుడి సంగతి కాదు.

మణికొండ మావయ్య:
లాయర్ గారూ, చాలా థాంక్స్. మరి ఆ ఫొటో సంగతి?

బెజవాడ లాయర్:
అది ఇంకా తేలలేదు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ పెడతారు, ఎవరు చూస్తారు అని ఆయన నోటీసు పంపి, తర్వాత తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018 నుంచీ ముఖాన్ని పోల్చి చూసే సౌకర్యం ఉంది. దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అని చెప్పే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. అసలు చిక్కు అక్కడుంది.

డల్లాస్ పద్మ:
ఇక్కడి సంగతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. అమెరికాలో 2014లో రైలీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మనిషిని అరెస్టు చేసినా సరే, అతని ఫోన్ చూడాలంటే మామూలుగా వారంట్ ఉండాల్సిందే. విని మురిసిపోకండి. అదే దేశంలో ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు ఇమిగ్రేషన్ దగ్గర వారంట్ లేకుండానే ఫోన్ తీసుకుని చూస్తారు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకు పెట్టుకునేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టాలన్నారు. మా అన్నయ్య కూతురు ఇన్‌స్టాలో ఇంటర్ నుంచీ పెట్టుకున్నవన్నీ కూర్చుని ఒక్కొక్కటే తీసేసింది. రాజకీయం ఒక్కటీ లేదు, అన్నీ పెళ్లిళ్లు, పానీపూరీలు. అయినా తీసేసింది. అడిగితే “ఏది చూసి ఏమనుకుంటారో తెలీదు కదత్తా” అంది.

గాజువాక శ్రీను:
అంటే అమెరికావాడు చూస్తే నోరు మూసుకుని పబ్లిక్ చేస్తాం, మన కానిస్టేబుల్ అడిగితే సుప్రీంకోర్టు గుర్తొస్తుందన్నమాట. బావుంది.

డల్లాస్ పద్మ:
శ్రీను గారూ, నేను రెండూ బాగోలేదనే అన్నాను. చివరి దాకా చదవండి.

రాయలసీమ రెడ్డప్ప:
మీరంతా స్వేచ్ఛ స్వేచ్ఛ అంటున్నారు. రేపు హెల్మెట్ కూడా నా ఇష్టం అంటారు. నా తల నా ఇష్టం, నా ఫోన్ నా ఇష్టం. చట్టం ఉండేదే మన మంచికి కదప్పా.

పాత ఖాకీ:
రెడ్డప్ప గారూ, రెండూ ఒకటి కాదు. నేను రోడ్డు మీద తలలు పగిలినవాళ్ళను ఎత్తి ఆటోల్లో పడుకోబెట్టినవాణ్ణి. హెల్మెట్ విషయంలో నా దగ్గర వాదన లేదు, పెట్టుకోవాల్సిందే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అందరికీ ఒకటే, తలపాగా కట్టే సిక్కులకు ఒక్కరికే మినహాయింపు. పెట్టుకున్నాడా లేదా అనేది దూరం నుంచే కనిపిస్తుంది. దానికోసం మనిషి జేబులో చేయి పెట్టక్కర్లేదు.

కరీంనగర్ తమ్ముడు:
చలాన్ల ముచ్చట తీసిండ్రు కాబట్టి అడుగుతున్న. కెమెరా ఫొటో తీస్తది, చలాన్ ఇంటికొస్తది, మంచిదే, లంచం తగ్గింది. కానీ ఏండ్ల తరబడి కట్టకుండా కూసున్నోళ్లకు 2022లో బైకులకు 75 శాతం మాఫీ, 2023 డిసెంబర్‌లో 80 శాతం మాఫీ. ఎప్పటికప్పుడు కట్టిన మాలాంటోళ్లు పిచ్చోళ్లా? మా నాయిన ఇప్పుడు చలాన్ రాగానే “ఆగు, డిస్కౌంట్ వస్తది” అంటున్నడు.

బెజవాడ లాయర్:
మీ నాన్నగారు సర్కారును బాగానే చదివారు.

అమీర్‌పేట టెస్టర్:
చలాన్ ఫొటో గురించి ఎవరూ అనుకోని విషయం ఒకటుంది. నేను చూసినప్పుడు బండి నంబరు కొడితే చాలు, ఎవరి చలాన్లయినా ఫొటోలతో సహా కనిపించేవి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ చౌరస్తాలో, వెనక ఎవరు కూర్చున్నారో తెలిసిపోయేది. మా ఆఫీసులో ఒక అమ్మాయి ఎవరి బండి మీద వెళ్తోందో వాళ్ళ బంధువు అలాగే కనిపెట్టాడు. చలాన్ వేయొద్దని నేననను. ఆ ఫొటో బండి యజమాని ఒక్కడికే కనిపిస్తే చాలదా? ఒక్క ఓటీపీ పెట్టడానికి ఏం ఖర్చవుతుంది?

ఇంకొకటి. షాపులో సబ్బు కొన్నా ఫోన్ నంబర్ చెప్పమంటారు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామనడం తప్పని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే చెప్పింది. అయినా వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారని అందరం చెప్పేస్తాం. నేనూ చెప్పేస్తాను.

వంటింటి కిటికీ:
మొదటి నుంచీ చదువుతున్నాను. పోలీసులు ఇలా, అమెరికా అలా, షాపువాడు ఇలా అంటున్నారు. మరి మనం?

మా గేటెడ్ కమ్యూనిటీలో పనిమనిషి లోపలికి రావాలంటే యాప్‌లో ఆమె ఫొటో, ఆధార్ జిరాక్స్ ఉండాలి. ఎన్ని గంటలకు వచ్చిందో, ఏ ఫ్లాట్‌కు వెళ్ళిందో, ఎన్ని గంటలకు పోయిందో నాలుగొందల ఇళ్ళవాళ్ళం ఫోన్‌లో చూడొచ్చు. ఆమెకు నక్షత్రాలు వేయొచ్చు. రెండు నక్షత్రాలు వేసినావిడను ఎందుకేశారని ఎవరూ అడగరు. మనకు నక్షత్రాలు వేసే వీలు ఆమెకు లేదు. సాయంత్రం పోయేటప్పుడు గేటు దగ్గర సంచీ తెరిచి చూపించాలి. “తప్పు చేయనివాడికి భయమెందుకు” అని అక్కడ మనమే అంటాం.

మావయ్య గారూ, మీరుండేది కూడా అపార్ట్‌మెంటే అయితే ఒక్కసారి గేటు దగ్గర నిలబడి చూడండి.

బి బ్లాక్ సెక్రటరీ:
మేడమ్, నేను అసోసియేషన్‌లో ఉన్నవాణ్ణి. మాకేం సరదా కాదు. మూడో అంతస్తులో నగలు పోతే మొదట మా మీదకే వస్తారు. పోలీసులు కూడా “మీ దగ్గర పనివాళ్ళ రికార్డు ఏది” అని అడుగుతారు. రికార్డు లేకపోతే తప్పు మాది. సంచీ చూడటం వల్ల ఎవరికీ నష్టం లేదు, నిజాయితీపరులకు అది రక్షణే.

బీకాం ఫైనలియర్:
నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. సెక్రటరీ గారి మాట చూశాక రాయాలనిపించింది.

మా అమ్మ ఇలాంటి చోటే పని చేస్తుంది. దసరాకు ఒక మేడమ్ పాత చీరలు రెండు, ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. గేటు దగ్గర సంచీ తెరిస్తే కనిపించాయి. బయటికి ఏ వస్తువు పోవాలన్నా ఇంటి ఓనరు యాప్‌లో పాస్ ఇవ్వాలట. గార్డు ఆ మేడమ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు, బహుశా నిద్రపోయి ఉంటారు. మా అమ్మ గేటు పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. లోపలికి వచ్చే కార్లన్నీ ఆమెను చూసుకుంటూ వచ్చాయి. చాలాసేపటికి ఆ మేడమ్ లేచి ఓకే నొక్కారు. అమ్మ ఆ చీరలు ఇంటికి తెచ్చింది గానీ కట్టలేదు. తర్వాత నుంచి ఎవరేమిచ్చినా వద్దంటుంది. ఆ గార్డు మా వీధివాడే, వాడి తప్పేం లేదు. వాడు ఆపకపోతే వాడి ఉద్యోగం పోతుంది.

రక్షణ అంటున్నారు కదా సార్. ఏ ఫ్లాట్ ఓనరు సంచీ అయినా గేటు దగ్గర తెరిపించారా? ఓనర్ల పిల్లల బ్యాగులు?

కరీంనగర్ తమ్ముడు:
చెల్లె, కరెక్ట్ అడిగినవ్.

బి బ్లాక్ సెక్రటరీ:
అమ్మా, మీ అమ్మగారికి జరిగినది బాధాకరమే. కానీ మెయింటెనెన్స్ కట్టేది ఓనర్లు. వాళ్ళ బ్యాగు తెరవమంటే తర్వాతి మీటింగ్‌లో నన్ను దించేస్తారు. ఇది నిజం, దాచడానికేముంది.

పాత ఖాకీ:
సెక్రటరీ గారు దాచకుండా చెప్పారు, సంతోషం. మా కానిస్టేబుల్ కూడా ఇదే చెప్తాడండీ. కారు ఆపితే లోపలున్నవాడు ఎవరికో ఫోన్ కలిపి చేతికిస్తాడు. బైకువాడు ఫోన్ కలపలేడు, కాబట్టి వాడి ఫోన్ వీడి చేతికొస్తుంది.

గాజువాక శ్రీను:
గంజాయి విషయంలో నా మాట మారదు. గట్టిగానే పట్టుకోవాలి. కానీ ఆ సంచీ సంగతి నాకూ నచ్చలేదు. మా ఆవిడా ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ టిఫిన్ బాక్సు తెరిచి చూపించేది, ఇంటికొచ్చి తిట్టుకునేది. అక్కడ కనీసం మేనేజర్ కారు డిక్కీ కూడా తెరిపించేవాళ్ళు.

బెజవాడ లాయర్:
సెక్రటరీ గారికి రెండు మాటలు. అసోసియేషన్‌కు ఎవరి సంచీనైనా బలవంతంగా వెతికే అధికారం లేదు. మీ బైలాస్‌లో రాసుకున్నా రాదు. ఆమె ఒప్పుకుంటేనే చూడాలి. ఒప్పుకోకపోతే ఉద్యోగం పోయేచోట ఒప్పుకోలు ఎంత నిజమో మీకే తెలుసు. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, అందుకే వాళ్ళున్నారు.

ఆధార్ జిరాక్స్‌లు ఫైల్లో పెట్టుకోవడం ఆపేయండి. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది, కావాలంటే అది తీసుకోండి. 2018 ఆధార్ తీర్పు తర్వాత ప్రైవేటువాళ్ళు ఆధారే కావాలని పట్టుబట్టే రోజులు పోయాయి. ఇక 2023 డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. యాప్ కంపెనీ దగ్గర మీ పనివాళ్ళ ఫొటోలు ఎన్నాళ్ళుంటాయి, పని మానేసినవాళ్ళవి ఎప్పుడు తీసేస్తారు అని ఇప్పుడే ఒక మెయిల్ పెట్టి అడగండి. జవాబు వస్తే ఇక్కడ పెట్టండి, నాకూ చూడాలనుంది.

బి బ్లాక్ సెక్రటరీ:
మెయిల్ పెడతాను. సంచీ సంగతి మాత్రం నా ఒక్కడి చేతిలో లేదు. జనరల్ బాడీకి పెట్టాలి.

వంటింటి కిటికీ:
ఆ మీటింగ్‌కు పనిచేసేవాళ్ళలో ఒకరిద్దరిని కూడా పిలవండి. మా దగ్గర పిలుద్దామంటే “వాళ్ళకేం తెలుసు” అన్నారు.

మణికొండ మావయ్య:
నాది కూడా అపార్ట్‌మెంటే. మా గేటు దగ్గరా ఇదే తంతు. కానీ ఇన్నాళ్ళూ దాన్నీ, మా వాడి ఫోన్‌నీ కలిపి చూడలేదు. నిన్న మా పనమ్మాయిని అడిగితే “అలవాటైపోయింది సార్” అంది. అదే మాట మా మేనల్లుడూ అన్నాడు. వాళ్ళ హాస్టల్లో సగం మంది రాత్రి బయటికెళ్ళేటప్పుడు వాట్సాప్ చాట్‌లు క్లియర్ చేసుకుంటారట, అందులో ఏమీ లేకపోయినా.

లాయర్ గారూ, చివరగా ఒకటి. మళ్ళీ ఆపితే వాడేమనాలి? వాడిది పంతొమ్మిదేళ్ల వయసు, ఎదురుగా ముగ్గురు యూనిఫాంలో ఉంటారు. సెక్షన్లు చెప్పే ధైర్యం వాడికి లేదు.

బెజవాడ లాయర్:
సెక్షన్లు చెప్పొద్దు, రెచ్చిపోవద్దు, వీడియో తీస్తానని ఫోన్ ఎత్తి పట్టుకోవద్దు. కాగితాలన్నీ చూపించమనండి. ఫోన్ అడిగితే “సార్, మా నాన్నతో మాట్లాడి ఇస్తాను, ఏ కేసులో కావాలో కాగితం మీద రాసివ్వండి సార్” అని మెల్లగా అడగమనండి. చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే ఇచ్చేయమనండి. రాత్రిపూట రోడ్డు మీద హక్కు గెలవడం కంటే పిల్లాడు ఇంటికి రావడం ముఖ్యం. వచ్చాక తేదీ, టైం, చోటు, కనిపిస్తే పేరు బ్యాడ్జీ రాసిపెట్టి, కమిషనర్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి రసీదు తీసుకోండి. ఆ ఫిర్యాదు పెట్టాల్సింది మీరు, పిల్లాడు కాదు.

పాత ఖాకీ:
రసీదు ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదు దగ్గర పెట్టుకోండి. ఫొటో సంగతి కూడా అందులోనే రాయండి, ఎవరు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు అని. సొంత ఫోన్‌తో తీసి ఉంటే అది ఇంకో కథ.

మణికొండ మావయ్య:
యూనిఫాం మీద పేరు చూడలేదట. ఫోన్ మాత్రం గుర్తుందట, వెనక దేవుడి స్టిక్కర్ ఉన్న సొంత ఫోనే అంటున్నాడు. ఫిర్యాదు రాయడం మొదలుపెడతాను. మా చెల్లి వద్దంటోంది, చూద్దాం.